తారు పీపా గాలింపు

మొగదారిపాలెంలో పాడైపోయిన ఇంజను అంటూ ఏదీ లేదు. మైలపల్లి తాతారావు ఇంకా చెయ్యి పెట్టని ఇంజను ఉంటుంది, అంతే. పడవ వెనక చెక్కకి బిగించే ఔట్‌బోర్డు ఇంజన్లను పాతవి కొని, విప్పి, కడిగి, మళ్లీ సముద్రం మీదికి తోలడంలో ఆ తీరం పొడవునా అతనికి సాటి లేడు. ఏదో రేవులో ఉప్పు తినేసి, పాత ఇనుము కింద తూకానికి పోబోతున్న ఇంజనుకి అడ్డంపడి మరీ తెచ్చేవాడు. ఒకసారి అలా తెచ్చినదాని మూత తీస్తే లోపల ఓ పీత పెళ్లాం పిల్లలతో కాపురం ఉంది. తాతారావు ఆ సంసారాన్ని జాగ్రత్తగా ఒక బొచ్చెలోకి మార్చి, సాయంత్రానికి ఇంజను తిప్పేశాడు. మగపీత మాత్రం అలవాటైన ఇల్లు మరిచిపోలేక నాలుగో రోజున అదే ఇంజనెక్కి వేటకి వెళ్లిందంటారు. మిగతాదంతా నిజమే గాని, ఆ వేటకి వెళ్లిన మాట కొంచెం కల్పించినట్టుంది.

ఇంజను కొనేటప్పుడు తాతారావు రంగు చూసేవాడు కాదు. కొత్త రంగు కనిపిస్తే గోటితో గీకేవాడు. స్టార్టరు తాడు చేత్తో మెల్లగా లాగి, లోపలి బలం ఎంతో వేళ్లతోనే పట్టేవాడు. అడుగున మర విప్పి గేరు ఆయిలు రెండు చుక్కలు అరచేతిలో వేసుకునేవాడు. అది పాలలా తెల్లగా ఉంటే లోపలికి సముద్రం దూరిందని లెక్క. అమ్మేవాడు ఎన్ని ఒట్లు వేసినా ఆ చుక్క ముందు చెల్లేవి కావు.

అన్నీ బిగించాక చివరి పరీక్ష తారు పీపాలో జరిగేది. రోడ్లు వేసేవాళ్లు వదిలేసి పోయిన పీపా అది. పైమూత కోసేసి, ముప్పాతిక దాకా నీళ్లు పోసి, అంచున చెక్క కట్టి దానికి ఇంజను బిగించి తాడు లాగేవాడు. నీళ్లు లేకుండా ఈ ఇంజన్లు తిప్పకూడదు. తిప్పితే నిమిషంలో లోపల కాలిపోతాయి. నీళ్లలో తిప్పితే పక్కనున్న చిన్న బెజ్జంలోంచి సన్నటి ధార బయటికి కొడుతుంది. ఆ ధార కొడితే ఇంజను బతికినట్టు.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం అరవై ఒక్క రోజులు మరపడవల వేట ఆపుతుంది. ఊళ్లో ఇంజన్లన్నీ బాగుకొచ్చేది ఆ రోజుల్లోనే. ఆ ఏడు పదిహేడు ఇంజన్లు తాతారావు పాకలో వరసగా చెక్కలకి వేలాడుతున్నాయి. నిషేధం ఎత్తేసిన మొదటి పొద్దున సముద్రం రెండు నెలలు దాచుకున్నదంతా ఇస్తుంది. ఆ పొద్దున ఇసకలో పడి ఉన్న పడవకి తర్వాత మిగిలేవి పొలుసులే. పదిహేడింటినీ ఆ వేళకి పడవలకెక్కిస్తానని తాతారావు మాటిచ్చాడు.

పదిహేడోది చొడిపల్లి కాసులమ్మది. రెండేళ్ల కిందట గాలివానలో ఆమె పడవ ఇంజను ఊడి సముద్రంలో పడిపోయింది. అప్పట్నుంచి పడవ బోర్లా పడుకుంది, మొగుడు గంగరాజు పరాయి పడవల మీద కూలికి కలాసీగా పోతున్నాడు. ఈసారి కాసులమ్మ తాతారావుని వెంటబెట్టుకుని ఎక్కడెక్కడో తిరిగి ఒక ముసలి ఇంజను కొంది. గేరు ఆయిలు తెల్లగానే ఉంది. అయినా తాతారావు తాడు లాగి చూసి, "ప్రాణముందక్కా, నేను నిలబెడతాను" అన్నాడు.

నిషేధం ఇంకా ఇరవై మూడు రోజులుందనగా ఒక ఉదయం జీపు దిగినవాడు మార్కండేయులు. నిషేధ అమలు విభాగంలో అధికారి. కడుపు ముందు నడుస్తుంటే తాను వెనక వస్తాడు. పాకలోంచి ఇంజను మోత వినిపించి ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఏమిటిది?"

"పీపా అండి," అన్నాడు తాతారావు.

"అందులో ఉన్నది?"

"నీల్లండి."

"నీళ్లలో ఉన్నది?"

"ఇంజనండి."

మార్కండేయులు పుస్తకం తీశాడు. "యాంత్రిక శక్తి, జలము, జలమును నెట్టు పంకా. నియమావళి నాలుగవ అంశం ప్రకారం ఈ మూడూ ఒకచోట కూడిన యెడల వేటగా పరిగణించబడును."

"అందులో చేపల్లేవండి."

"చేపలు పడినవా లేదా అనునది నీ అదృష్టమునకు సంబంధించిన విషయము. ప్రభుత్వమునకు సంబంధము లేదు."

అని పీపాలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా లేదు. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. "మంచినీటి వేట," అని రాసుకున్నాడు.

తన ఇంజను చూసుకోవడానికొచ్చిన కాసులమ్మ బుట్ట దించి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయ్యగారండి, నేను రోజూ కుండలో గరిటె తిప్పుతానండి. అదీ వేటేనాండి?"

"చేత్తో తిప్పినచో సాంప్రదాయ వేట. దానికి నిషేధము లేదు," అన్నాడు మార్కండేయులు, ఆవిడ వెక్కిరిస్తోందని తెలియక. "మిక్సీతో తిప్పిన యెడల ఆలోచించవలసి ఉండును."

చివరికి తేల్చిందేమంటే, నీళ్లలో ఇంజను తిరగాలంటే అది రిజిస్టరయిన జలవాహనానికి బిగించి ఉండాలి. తాతారావు పీపాకి రిజిస్ట్రేషను లేదు. ముందు పీపాని జలవాహనంగా నమోదు చేయించుకుని, తర్వాత మరమ్మతు నిమిత్తం మినహాయింపు కోరుకోవచ్చు. అంతవరకు పీపాకి లక్క సీలు. మార్కండేయులు స్వయంగా ఎర్రదారం చుట్టి సీలు వేశాడు. కరిగిన లక్క నీళ్లలో పడి చుయ్‌మంది.

"ఒరే తాతారావూ," అంది కాసులమ్మ జీపు వెళ్లాక, "మన పడవలకి లేని నెంబరు నీ పీపాకొత్తాదంటరా?"

"పొద్దుటే ఎల్తానక్కా. కాయితమే గదా అడిగింది. ఇచ్చేత్తే పోద్ది."

కాగితం ఇచ్చేస్తే పోతుందనుకునేవాళ్లందరి లాగే తాతారావు కూడా అమాయకుడే.

టౌనులో ఆఫీసు మూడంతస్తులు. జలవాహనాల నమోదు పై అంతస్తులో పెట్టారు, సముద్రం అక్కడిదాకా రాదు గనుక. మార్కండేయులే ఎదురుగా కూర్చుని ఫారం నింపాడు.

"పొడవు?"

"గుండ్రంగా ఉంటదండి."

"పొడవు లేని పడవ ఉండదు. ముందు భాగమెటు, వెనక భాగమెటు?"

తాతారావు ఆలోచించాడు. ఇన్నేళ్లుగా పీపాని తను ముందు నుంచి చూస్తున్నాడో వెనక నుంచి చూస్తున్నాడో అతనికెప్పుడూ పట్టలేదు. "ఎటు చూసినా ఒక్కలాగే ఉంటదండి."

"అట్లయిన కార్యాలయమునకు అభిముఖముగా ఉన్నది ముందు భాగముగా నిర్ణయించడమైనది. సిబ్బంది ఎందరు? నలుగురికి తగ్గరాదు."

తాతారావు తన పేరు, కాసులమ్మ పేరు, గంగరాజు పేరు చెప్పి ఆగాడు. ఇంకెవరి పేరు చెప్పినా వాళ్లని ఆఫీసుకి తిప్పుతారని భయం. "నల్లోడండి. కాపలా ఉంటాడు."

"ఈత వచ్చునా?"

"మా ముగ్గురికంటే బాగా ఈదుతాడండి."

నల్లోడు పాక దగ్గర పడుకునే కుక్క. వాడి పేరు పక్కన మార్కండేయులు "అనుభవజ్ఞుడు" అని రాశాడు.

ఆరు రోజులకి కాగితం వచ్చింది. పీపాకి ఆకుపచ్చ రంగు వెయ్యాలి, జానెడేసి అక్షరాలతో నెంబరు రాయాలి. పన్నెండు అక్షరాల నెంబరు. గుండ్రటి పీపా చుట్టూ రాసుకుంటూ పోతే చివరి అక్షరం మొదటి అక్షరాన్ని వెనక నుంచి గుద్దుకుంది. ఎక్కడ మొదలెట్టి చదవాలో రాసిన పెయింటరుకే తెలియలేదు. సిబ్బందికని తాతారావు ప్రాణరక్షక చొక్కాలు నాలుగు కొని గోడకి తగిలించాడు. గంగరాజు ఒకటి తొడుక్కుని చూసుకుని, "సముద్రం మీద పాతికేళ్లున్నాను. ఎవడూ ఇలాంటిది ఇయ్యలేదు బావా. పీపా ఎక్కేసరికి ఇచ్చేరు," అన్నాడు.

ఇక మినహాయింపు ఒక్కటే మిగిలింది. దానికి ముందు జలవాహనం గట్టిదేనని ఒక నిపుణుడు వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆయన పేరు భాస్కరం. సన్నగా, పొడుగ్గా, కొలత బద్దలా ఉంటాడు. నిషేధం పన్నెండు రోజులుందనగా వచ్చాడు. సీలు తెంపి పీపాలోకి తొంగిచూసి ఉలిక్కిపడ్డాడు.

"లోపల ఈ నీరెక్కడిది?"

"నేనే పోసేనండి."

"పడవ నీటిలో ఉండవలెను. నీరు పడవలో ఉండరాదు. ముప్పాతిక వంతు నీరు నిండిన పడవను ఏమందురు?"

"పీపా అంటారండి," అంది కాసులమ్మ.

"మునిగిన పడవ అందురు."

తాతారావు చేతులు తుడుచుకుని దగ్గరకొచ్చాడు. "అయ్యా, ఆ నీల్లు తోడేత్తే ఇంజను కాలిపోద్దండి. ఇంజను తిప్పడానికే గదండీ ఈ పీపా."

"ఇంజను నా పరిధిలోనిది కాదు. నేను బయటి డొప్ప నిపుణుడను." భాస్కరం వాచీ చూసుకుని రాశాడు: పదకొండు గంటల పది నిమిషాలకు సదరు జలవాహనము నలుగురు సిబ్బందితో సహా మునిగియుండగా గుర్తించడమైనది. ఫోను తీసి ఆ వార్త పైకి చెప్పాడు కూడా. ఫోనులో ఆయన గొంతు బాధగా వినిపించింది. శిక్షణలో నేర్పి ఉంటారు.

ఆ పూట తాతారావు అన్నం తినలేదు. పదిహేడు ఇంజన్ల వైపు చూస్తూ పీట మీద కూర్చున్నాడు. అందులో ఒక్కదానికీ పీపా పరీక్ష పూర్తి కాలేదు. తిప్పి చూడని ఇంజనిచ్చి మనిషిని సముద్రం మీదికి పంపడం అతని చేతకాని పని. నడిసముద్రంలో ధార ఆగితే తిరిగొచ్చేది పడవ కాదు, కబురు.

మర్నాడు పొద్దున్నే రెండు జీపులు, ఒక లారీ దిగాయి. లారీలో తాళ్లు, గాలం కొక్కేలు, మెగాఫోను, ఒక గజ ఈతగాడు. అందరికంటే ముందు మార్కండేయులు.

"గల్లంతైన సిబ్బంది ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నామండి," అన్నాడు తాతారావు.

"ఒడ్డుకు ఎట్లు చేరితిరి?"

"నడిచొచ్చేమండి."

"ఎంత దూరము?"

తాతారావు పీపాకి, పీటకి మధ్య చూపుతో కొలిచాడు. "రెండడుగులుంటదండి."

"అలలకు ఎదురొడ్డి సాహసముతో తీరము చేరినారు," అని మార్కండేయులు చెబుతుంటే పక్కవాడు రాశాడు. "నాలుగవ వ్యక్తి?"

కాసులమ్మ కుక్కని చూపించింది. నల్లోడు ఆవులించాడు. మార్కండేయులు ఒక క్షణం తడబడ్డాడు గాని, రికార్డులో మనిషని ఉన్నదాన్ని కుక్కగా మార్చాలంటే సవరణ ఫారం మూడు ప్రతుల్లో కావాలి. "మాటలాడు స్థితిలో లేడు. ఆఘాతము," అని రాయించాడు.

"మనుషులు దొరికినారు. ఇక జలవాహనము దొరకవలెను. మునిగిన చోటు చూపుము."

తాతారావు పీపా చూపించాడు. గజ ఈతగాడు నడుముకి తాడు కట్టుకుని, గంగమ్మకి దండం పెట్టుకుని, తలకిందులుగా పీపాలో దిగాడు. బయట కాళ్లు రెండూ చెట్టు కొమ్మల్లా ఊగాయి. కాసేపటికి నలుగురూ కాళ్లు పట్టి లాగితే బయటికొచ్చి ఊపిరి పీల్చుకున్నాడు.

"పడవేమైనా కనిపించినదా?"

"లేదండి. అంతా నీల్లే."

"పీపా?"

"లోపల పీపా ఎక్కడుంటదండి, నేనే అందులో ఉంటే."

సాక్ష్యం స్పష్టంగా ఉంది. మునిగిన చోట పీపా లేదు. మార్కండేయులు మెగాఫోను అందుకున్నాడు. మూడడుగుల దూరంలో ఉన్న తాతారావు చెవులు మూసుకున్నాడు.

"గాలింపు తీవ్రతరము చేయవలెను. నియమావళి తొమ్మిదవ అంశం ప్రకారం గాలింపునకు ఉపయోగించు యంత్రములకు నిషేధము వర్తించదు. స్థానికముగా లభ్యమగు ఇంజన్లన్నియు తక్షణము నీటిలోనికి దింపవలెను."

తాతారావు నెమ్మదిగా చెవుల మీంచి చేతులు తీశాడు. "అన్నీనాండి?"

"అన్నియు."

"ఎక్కడ దింపాలండి?"

"మునిగిన చోటనే. బుద్ధి లేదా?"

"ఉందండి," అన్నాడు తాతారావు చాలా వినయంగా. "రాసిచ్చేయండి, మొదలెట్టేత్తాను."

రాసిచ్చాడు, రబ్బరు ముద్రతో సహా. గంట తిరక్కుండా మొదటి ఇంజను పీపా అంచుకెక్కింది. తాడు లాగగానే గుర్రుమంది, ధార కొట్టింది. పీపాలో నిలబెట్టిన ఇంజను పీపాని వెతకడం మొదలెట్టింది.

అలా పది రోజులు గాలింపు సాగింది. మార్కండేయులు గొడుగు కింద కుర్చీ వేయించుకుని పర్యవేక్షించాడు. ఏ ఇంజను ఎంతసేపు గాలించిందో రోజూ పైకి నివేదిక వెళ్లేది. ఒక ఇంజను దగ్గితే తాతారావు దించి కార్బ్యురేటరు కడిగేవాడు. "గాలింపులో అలసిన యంత్రమునకు విశ్రాంతి," అని రాసుకునేవారు. నీటి పంపు రబ్బరు రెక్కలు అరిగినవాటికి కొత్తవి వేశాడు. పైనుంచి ఎవరో పెద్దాయన ఫోను చేసి, ఇంత చిత్తశుద్ధితో జరిగిన గాలింపు జిల్లా చరిత్రలో లేదని మెచ్చుకున్నాడు. వెతుకుతున్నదేమిటని మాత్రం ఆయన అడగలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నానికి పదహారు ఇంజన్లు సిద్ధమై పడవలకెక్కాయి. కాసులమ్మ ముసలి ఇంజను ఒక్కటే మొండికేసింది. తాతారావు గేరు పెట్టె రెండుసార్లు విప్పి, నీరు దూరకుండా ఆపే రబ్బరు సీళ్లు మార్చాడు, ప్లగ్గులు గీకాడు. తాడు లాగి లాగి గంగరాజు అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంజను ఒకసారి తుమ్మి ఊరుకుంది.

మార్కండేయులు గొడుగు ముడిచాడు. "సాయంత్రములోగా నివేదిక పంపవలెను. గాలింపు ముగిసినది."

నిషేధం రాత్రి పన్నెండు దాకా ఉంది. గాలింపు ఆగితే ఇంజను ఆగాలి. పన్నెండు దాటాక మళ్లీ మొదలెట్టినా చీకట్లో తేలే పని కాదు. తెల్లారితే పదహారు పడవలు పోతాయి, పదిహేడోది బోర్లా ఉంటుంది. కాసులమ్మ అప్పటిదాకా వేసిన వెటకారాలన్నీ మింగేసి పీపా పక్కన ఇసకలో చతికిలబడింది. "పోన్లేరా తాతారావూ, ఇంకో ఏడు చూద్దాం," అంది. ఆ గొంతు విని తాతారావుకి చెయ్యాడలేదు. ఎప్పుడూ తిట్టే మనిషి తిట్టకపోతే భయమేస్తుంది.

అతను అధికారి ముందుకెళ్లి నిలబడ్డాడు. "అయ్యా, చిన్న మాటండి. పడమటేపు గాలించేరాండి?"

"పడమర యనగా?"

"పీపాకి పడమటేపండి. ఇప్పటిదాకా ఇంజన్లన్నీ తూర్పంచునే బిగించేను. రేపు పెద్దాయన నాలుగు దిక్కులూ చూసేవా అనడిగితే నేనేం చెప్పనండి?"

మార్కండేయులు మొహంలో రంగు మారింది. నాలుగు దిక్కుల గడులున్న పట్టిక నివేదికలోనే ఉంది. మూడు ఖాళీ. "ఒక గంట," అన్నాడు గొడుగు మళ్లీ విప్పుతూ. "త్వరగా దక్షిణము, ఉత్తరము కూడా."

తాతారావు ఇంజనుని పడమటంచుకి మార్చాడు. ఊడదీసి, ఆయిలు పైపు నోటితో ఊదాడు. లోపలెక్కడో ఇరుక్కున్న తుప్పు పెచ్చు ఒకటి ఎగిరి పడింది. మళ్లీ బిగించి, గంగరాజుని పక్కకి జరగమని తాడు తనే పట్టాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి పొగ వచ్చింది. మూడోసారి ముసలి ఇంజను గొంతు సవరించుకుని, ఒక్కసారిగా పాక కప్పు మీది కాకులన్నీ లేచిపోయేలా మోత మోగించింది. బెజ్జంలోంచి సన్నటి ధార సూటిగా వచ్చి మార్కండేయులు బూట్లని తడిపింది. కాసులమ్మ లేచి నిలబడి, "ఆయ్," అని ఊరుకుంది.

గాలింపు అయ్యాక నివేదిక రాయడానికి చదునైన చోటు కనబడలేదు. జీపు ముందు రేకు ఎండకి పెనంలా కాలుతోంది. తాతారావు పీపా మీద చెక్క అడ్డంగా వేసి తుడిచాడు. మార్కండేయులు దాని మీద కాగితాలు పరిచి, పీపాకి పొట్ట ఆనించి రాశాడు: నాలుగు దిక్కులందు పదిహేడు యంత్రములతో గాలించినను సదరు పీపా జాడ లభించనందున, శాశ్వతముగా గల్లంతైనట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ప్రాణనష్టము లేదు. కింద సంతకం, తేదీ, ముద్ర. ముద్ర గట్టిగా గుద్దినప్పుడు పీపా బొంగురుగా మోగింది.

తెల్లారగట్ల వెలుగు వస్తుండగా పదిహేడు పడవలు వరసగా అలలు దాటాయి. కాసులమ్మ పసుపు రాసిన పడవ మీద గంగరాజు తన ఇంజను పక్కన తానే కూర్చున్నాడు. ఒడ్డున ఆవిడ కొబ్బరికాయ కొట్టి, మోత దూరమయ్యేదాకా చెవొగ్గి నిలబడింది. ఎక్కడా తడబడలేదది.

నిషేధం సక్రమంగా ముగిసిందని రాసుకోవడానికి మార్కండేయులు కూడా వచ్చాడు. పడవలు లెక్కపెట్టి, సంతృప్తిగా వెనక్కి తిరిగి, జీపు వైపు దగ్గరదారని తాతారావు పాకలోంచి నడిచాడు. పీపా అంచు మోకాటికి టంగుమని తగిలింది. మనిషి ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతి గుంజ పట్టుకున్నాడు.

"ఏం తగిలిందండి?" అన్నాడు తాతారావు ఆదుర్దాగా.

మార్కండేయులు పీపా వైపు చూశాడు. తన సంతకం గుర్తొచ్చింది. "ఏమియు లేదు," అన్నాడు పళ్ల బిగువున.

కుంటుకుంటూ ఆఫీసుకెళ్లి పది రోజులు సెలవు పెట్టాడు. గాయమునకు కారణము అన్న గడి దగ్గర చాలాసేపు కలం కొరికి, చివరికి సముద్ర ప్రమాదము అని రాశాడట.